కొత్త నీటి వెంట శివారు పేట దాకా

నాకు సీటొచ్చింది! పట్టణాలు, పర్యావరణ విధానం ఒక చదువు. ప్రజారోగ్యం ఇంకో చదువు. రెండూ కలిపి, రెండు శాఖల్లోనూ కూర్చుని చదువుకోవడానికి ఢిల్లీలో సీటొచ్చింది. నిన్న మధ్యాహ్నం హాస్టల్ ఆఫీసుకి ఫోనొస్తే మెస్‌లోంచి పెరుగన్నం చేత్తోనే పరిగెత్తాను. రిసీవరుకి మెతుకులు అంటించానని వార్డెన్‌గారు ఇంకా తిడుతూనే ఉన్నారు. తిట్టనివ్వండి. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఇప్పుడు ఒకేసారి రెండు గుమ్మాలు!

కళ్యాణదుర్గం దగ్గర మా ఊరి కిరాణా కొట్టుకి ఫోన్ చేసి, చేలో కూలికెళ్ళిన మా నాన్నను పిలిపించి చెప్పాను.

"రెండు సదువులా? ఒగరికేనా?"

"ఒగరికే నాయనా."

"అట్లయితే ఒగటి నువ్వు సదువుకో, ఇంగొగటి సెల్లెలికియ్యి."

వెనకాల కొట్టతను నవ్వడం వినిపించింది. నాన్న నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగాడు.

ఈ సీటుకి దరఖాస్తు పెట్టేటప్పుడు, మీరు కళ్ళారా చూసిన ఒక సంగతి రాయండి అన్నారు. నేను రాసింది జూన్‌లో కోనసీమలో ఒక కాలువ వెంట చేసిన ప్రయాణం గురించి. ఆ ప్రయాణమే ఇక్కడా చెబుతున్నాను. గంతులేస్తూ మొదలుపెట్టాను గానీ అది గంతులేసే ప్రయాణం కాదు, ముందే చెప్పేస్తున్నాను.

నన్ను పంపింది నా రూమ్మేటు విమల. వాళ్ళది రాజోలు, వాళ్ళమ్మ టీచరు. అమలాపురం అవతల, సముద్రం వైపు, కాలువ చిట్టచివర ఒక శివారు పేటలో వాళ్ళ పెద్దమ్మ మరియమ్మగారు ఉంటారు. పోయినేడు మరియమ్మగారి పెద్ద కోడలు సువర్ణ కామెర్లొచ్చి చనిపోయింది. అప్పటికి ఏడో నెల కడుపు. ఈ ఏడు చిన్న కోడలు రూతు కడుపుతో ఉంది.

"వేసవిలో కాలవ కట్టేస్తారు కదా. మళ్ళీ వదిలిన నెలా నెలన్నరకి ఆ పేటలో కామెర్లొస్తాయే. ఏటా రావు. వచ్చిన ఏడు మాత్రం కడుపుతో ఉన్నవాళ్ళని వదలవు," అంది విమల. "రూతుకి ఆరో నెల. నీ చదువుకి పనికొస్తే వెళ్ళి చూడు. పనికి రాకపోయినా వెళ్ళు."

పట్టణ ప్రణాళిక చెప్పే మాస్టారిని అడిగితే కామెర్లు మన సబ్జెక్టు కాదన్నారు. తెలిసిన డాక్టరుగారిని అడిగితే మురుగుకాలువలు మా సబ్జెక్టు కాదన్నారు. అందుకని నీళ్ళతోపాటే బయల్దేరి, అవి ఎక్కడెక్కడ ఆగితే అక్కడ ఆగుదామనుకున్నాను.

ఆత్రేయపురం

కాలువ ఇంకా వదల్లేదు. మా వైపు ఏరు ఎండితే ఇసుక కనిపిస్తుంది, పిల్లలు పొర్లుతారు. ఇక్కడ కాలువ ఎండితే అడుగున నల్లటి బురద. అందులో కుళ్ళిన గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, అక్కడక్కడ మడుగుల్లో మునిగిన గేదెలు. గట్టు మీద మాత్రం ఎటు చూసినా పచ్చటి కొబ్బరి చెట్లు. బస్సులోంచి చూసినవాళ్ళు గట్టునే చూసి వెళ్ళిపోతారు.

పూతరేకులు చేసే ఒకావిడ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి లాగితే చాలు, రేకు లేచొస్తుంది. చేతిలో ఒకటి పెట్టి తినమన్నారు. పైన చుట్టింది కాయితం అనుకుని జాగ్రత్తగా పొరలన్నీ విప్పి పక్కన పెట్టి, లోపలున్న బెల్లం పొడి నాలుక మీద వేసుకున్నాను.

"అమ్మబాబోయ్, ఈవిడ రేకు పారేసి బెల్లం తింటన్నారు!" అని ఆవిడ లోపలున్న తోటికోడల్ని కేకేశారు. "ఏ ఊరండీ మీది?"

"అనంతపురం జిల్లా."

"పోన్లెండి. కరువు ప్రాంతం వాళ్ళు, ఏదీ పారెయ్యరనుకున్నాను."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు, నేనూ నవ్వాను. ఇంకొకటిచ్చి రేకుతో సహా తినిపించారు. డబ్బిస్తే ఒక్కదానికే తీసుకున్నారు. పారేసినదానికి వద్దన్నారు. బోరు నీళ్ళతో రేకు సరిగ్గా లేవడం లేదని, కాలవొస్తేగాని పని సాగదని చెప్పారు. "రేపొచ్చేస్తాయండి నీళ్ళు. కాకపోతే ముందు నీరు మేం ముట్టుకోం. పోనిచ్చేస్తాం."

ఎక్కడికి పోనిస్తారో నేనప్పుడు అడగలేదు.

కొత్తపేట దారిలో

మర్నాడు నీళ్ళొచ్చాయి. లాకుల దగ్గర నిలబడి చూశాను. నీళ్ళు కనపడడానికి ముందే వాసనొచ్చింది. ఆ తర్వాత గోధుమరంగు నురగ నాలుకలా సాగుతూ, ముందున్న చెత్తనంతా తోసుకుంటూ వచ్చింది. చెప్పులు, కొబ్బరి డొక్కలు, ఉబ్బిన కోడి ఒకటి. అయినా నాకు ఏడుపొచ్చింది. అంత నీరు ఒక్కసారి నడిచి రావడం నేను పుట్టి ఎరగను. కళ్ళు తుడుచుకుని మెట్టు దిగబోతుంటే లాకుల మీద పనిచేసే లస్కరు సత్యంగారు కేకేశారు.

"అమ్మాయిగారండీ! కాళ్ళు కూడా కడుక్కోకండి. కాలవ మొహం కడుక్కున్న నీళ్ళండి అయ్యి."

"మరి ఎవరు తాగుతారండీ ఈ నీళ్ళు?"

"ఎవరూ తాగరండి. కిందకి పోతాయి."

"కింద ఎక్కడికి?"

"సముద్రంలోకండి."

"సముద్రానికి ముందు ఊళ్ళేమీ లేవా?"

ఆయన బీడీ ముట్టించుకున్నారు. "ఉన్నాయండి," అన్నారు. అగ్గిపుల్ల విసిరేసి, "మా మేనకోడల్ని అటే ఇచ్చేం," అన్నారు.

లాకుల పక్కన బల్ల మీద ఆయన కేరేజీలో సగం నాకు పెట్టారు. పనసపొట్టు కూర, ఆవ పెట్టింది. మా సంగటికీ ఊరిబిండి పచ్చడికీ అలవాటుపడ్డ నాలుక ఒక్క ముద్దకే ముక్కుదాకా మండి కళ్ళు మళ్ళీ నిండాయి. "ఇందాకటి ఏడుపు బాగుందండి, ఇది బాగాలేదు," అన్నారాయన. బస్సు పలివెల దాటుతుంటే కాలువ పక్కనే వచ్చింది. కిటికీలోంచి చూస్తూ, నేను ముందు వెళుతున్నానా నీళ్ళా అని పందెం కాసుకున్నాను.

పేరు రాయని ఊరు

దారిలో కాలువ గట్టునే ఒక పెద్ద ఊరుంది. పేరు రాయను. కాలువ మీదున్న ఏ ఊరి పేరైనా మీరే పెట్టుకోండి.

బజారు వెనక వైపు ఊరి మురుగంతా ఒక సిమెంటు కాలువలో వచ్చి పంటకాలువలో పడుతుంది. కాలువలో నీరున్నప్పుడు కలిసిపోయి కనపడదు. కట్టేసిన వేసవంతా అక్కడే నిలబడి ఉంటుంది. దగ్గర్నించి చూద్దామని దిగి మోకాలి దాకా కూరుకుపోయాను. ఎడమ చెప్పు ఇంకా అక్కడే ఉంది. గట్టు మీద పెసరట్లేసే నాగమణిగారు నన్ను పంపు దగ్గరికి ఈడ్చుకెళ్ళి కుంకుడుకాయ రసంతో కాలు తోమారు.

"డ్రైనీలో దిగి చదివే చదువేంటండీ? మీ అమ్మగారికి తెలుసా?"

"తెలీదండి."

"నేను చెప్పన్లెండి. ఇంకో అట్టేసుకోండి, ఉప్మా పెట్టిస్తాను."

పెసరట్టు ఐదు రూపాయలు, కాలు కడిగినందుకు ఏమీ లేదు. ఆ వీధిలోనే ఒకాయన తన కొత్త మేడ గర్వంగా చూపించారు. "మాకు సెప్టిక్ ట్యాంకు నిండడవన్నదే లేదండి! కట్టించి ఎన్నాళ్ళయిందో!" ట్యాంకులోంచి ఒక గొట్టం నేరుగా సిమెంటు కాలువలోకి ఉంది. అలాంటి గొట్టాలు వీధి పొడుగునా ఉన్నాయి.

మూడు ఆఫీసులకి వెళ్ళాను. అంత మర్యాద నేనెక్కడా చూడలేదు. ప్రతిచోటా కుర్చీ వేశారు, టీ తెప్పించారు, ఒకచోట కొబ్బరి బోండం కొట్టించారు. ఊరి ఆఫీసులో, "డ్రైను చివరి దాకానే మాదండి, ఆ పైన కాలవ వాళ్ళది," అన్నారు. కాలువ ఆఫీసులో, "ఎంత నీరు పోయిందో చెప్పగలమండి, ఏం నీరు పోయిందో మాకు సంబంధం లేదు," అన్నారు. ఆస్పత్రిలో డాక్టరుగారు కొంచెం ఎక్కువసేపు మాట్లాడారు.

"ఒక రకం కామెర్లున్నాయమ్మా. మామూలు మనుషులకి పథ్యం చేస్తే తగ్గుతాయి. గర్భిణీలకి మాత్రం ప్రాణం మీదకి తెస్తాయి. మలం కలిసిన నీటిలోంచి వస్తాయి. అయితే తాగిన నెల పైన గాని బయటపడవు. మా దగ్గరికి వచ్చేసరికి కాలవలో శుభ్రమైన నీరుంటుంది. పరీక్ష చేయిస్తే ఏం దొరుకుతుంది?"

"మరి ముందే పేటలకి వెళ్ళి చెప్పొచ్చు కదండీ, కాలవ వదిలేరోజు?"

"కాలవ ఎప్పుడు వదుల్తారో మాకెవరు చెబుతారమ్మా?" అన్నారాయన. వెటకారమేమీ లేదు. ఆయనకి నిజంగానే ఎవరూ చెప్పరు.

బయటికొచ్చి చూస్తే నీళ్ళు సిమెంటు కాలువ మూతి దాకా వచ్చేశాయి. వేసవంతా నిలవున్న నలుపు నెమ్మదిగా కదిలి, నురగతో కలిసి కిందకి సాగింది.

శివారు పేట

అమలాపురంలో కొత్త చెప్పులు కొనుక్కుని ఇంకో బస్సెక్కాను. చివరి మైళ్ళు ఆటోలో. నీళ్ళకంటే ముందే చేరాను.

పేట పేరు రాయొద్దని మరియమ్మగారు అడిగారు, సంబంధాలకి ఇబ్బందట. ఆవిడది రెండు గదుల డాబా. చిన్నకొడుకు ప్రసాద్ కువైట్‌లో కారు నడిపి పంపిన డబ్బుతో కట్టారు. పెద్దకొడుకు, భార్య పోయాక, చెన్నైకి పనికి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరే. రూతు ఇంటర్ చదివింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుని నన్ను ఒకటే ప్రశ్నలు: హాస్టల్లో ఏం పెడతారు, అమ్మాయిలకి పెళ్ళికి ముందు ఉద్యోగాలిస్తారా, నెలలో ఎన్నిసార్లు సినిమాకి పోనిస్తారు.

టీ ఇచ్చారు. ఉప్పగా ఉంది. బోరు ఉప్పు, మంచినీళ్ళ చెరువు అడుగంటి పచ్చగా ఉంది. పేటంతా కాలువ కోసం చూస్తోంది. మా ఊళ్ళో నీళ్ళే ఉండవు. ఇక్కడ చుట్టూ నీళ్ళు, గొంతులో దిగేది లేదు.

సాయంత్రం పక్కింటి శాంతమ్మగారు ఎండుచేపల కూర తెచ్చారు. మరియమ్మగారికి చిన్నప్పటినించీ స్నేహం, వదినా అంటే వదినా అనుకుంటారు. "మా సునీత రేపొచ్చేస్తందండి పురిటికి," అని నాతో చెప్పారు. "వాళ్ళత్తగారు పంపనంటే నేనే వెళ్ళి కూకున్నాను. ఏడో నెలొచ్చాక పుట్టింటికి పంపకపోతే ఎలాగండీ!"

ఆవిడ వెళ్ళాక మరియమ్మగారు ఒక సంగతి చెప్పారు. ఆ పేటలో వేసవంతా ఉప్పునీళ్ళు తాగుతారు గదా, కాలవొచ్చిన రోజు మొదటి చెంబు కడుపుతో ఉన్న పిల్లకి పట్టాలి. ఇంట్లోవాళ్ళు తేకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. చల్లగా ఉండమని దీవించి తాగించాలి.

"పోయినేడు సువర్ణకి శాంతే తెచ్చిందమ్మా. పట్టుచీర కట్టుకుని మరీ తెచ్చింది."

నేను దారిలో చూసిందంతా చెప్పాను. సిమెంటు కాలువ, గొట్టాలు, డాక్టరుగారి మాట. చెబుతూ చెబుతూ ఉండగానే ఆవిడ మొహం మారిపోవడం కనిపించింది.

"అయితే ఆ చెంబు..." అని ఆగిపోయారు. రూతు వంక చూశారు. లేచి తలుపు దగ్గరగా వేసి, "ఈ మాట శాంత చెవిన పడకూడదమ్మా. సువర్ణ పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది అది. తెలిస్తే బతకదు. నాకు మాటివ్వండి," అన్నారు. ఇచ్చాను.

కొత్త నీళ్ళు

మర్నాడు పొద్దున్న తూము దగ్గర పేటంతా చేరింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నేను ధైర్యం చేసి గట్టు మీద నిలబడి చెప్పాను: ఈ మొదటి నీరు చెరువులోకి వదలకండి, పైనుంచి మురుగొస్తోంది, నాలుగు రోజులాగితే తేటబడుతుంది.

ఎవరూ కాదనలేదు. ఒక పెద్దాయన నెమ్మదిగా అన్నారు. "ఆయ్, మీరు చెప్పింది నిజవేనండి. కాని మా వంతు రెండ్రోజులేనండి. ఆ తరవాత నీరు అటు చేలకి మళ్ళిస్తారు. మీరన్నట్టు ఆగితే తేటనీరు వాళ్ళకి, ఎండిన చెరువు మాకు."

తూము ఎత్తారు. కాచుకుని తాగండి, తప్పకుండా కాచుకోండి అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. అందరూ ఆయ్ అన్నారు. శాంతమ్మగారూ అన్నారు. బహుశా అందరూ ఆ రాత్రి నుంచి కాచుకున్నారు కూడా. కాని మొదటి చెంబు కాచడానికి కాదు, అది దీవెన.

మధ్యాహ్నానికి శాంతమ్మగారు వచ్చారు. పట్టుచీర, మల్లెపూలు, తోమి మెరిపించిన ఇత్తడి చెంబు.

"రూతూ, రా అమ్మా. నోరు తెరు."

మరియమ్మగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "వద్దొదినా."

"వద్దేంటి?"

"ఈ ఏడొద్దు."

"ఎందుకొద్దు? నా చేత్తో తేకూడదా?" శాంతమ్మగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "పోయినేడు నా చేతి నీళ్ళు బాగానే ఉన్నాయి గదా."

మరియమ్మగారు గుమ్మంలోంచి కదల్లేదు. అనగలిగే మాట ఒక్కటే ఉంది, అది అనకూడదని ఆవిడే నిర్ణయించుకున్నారు. నేను నోరు తెరిస్తే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

శాంతమ్మగారి నవ్వు పోయింది. "అర్థమయిందొదినా. కోడలు పోయిన ఇంట్లో నా కాలు మంచిది కాదనుకుంటున్నావు. ముందే చెప్పొచ్చుగా, చీర కట్టుకునేదాన్ని కాదు." చెంబు మీద కొంగు కప్పుకున్నారు. "పోన్లే. మా పిల్లా కడుపుతోనే ఉంది. ఇంటిదాన్ని తేకూడదన్నా నేనే దానికి పట్టేస్తాను."

"శాంతా!" అని పిలిచారు మరియమ్మగారు. "శాంతా, ఆగు!"

ఆవిడ ఆగలేదు. మరియమ్మగారు నా చెయ్యి వదిలేశారు. నేను పరిగెత్తాను. పక్కిల్లే, ఎంత దూరమని? నేను వెళ్ళేసరికి సునీత అరుగు మీద కూర్చుని మూతి తుడుచుకుంటోంది. బస్సు దిగి ఎంతోసేపు కాలేదు, సంచి ఇంకా విప్పలేదు.

"రండక్కా," అంది. "ఎంత చల్లగా ఉన్నాయో."

తిరిగొచ్చాక

పేట దాటేముందు ఆరోగ్య ఉపకేంద్రం నర్సుగారికి సునీత సంగతి చెప్పాను. జ్వరమో వాంతులో వస్తే వెంటనే పెద్దాస్పత్రికి పంపమని బతిమాలాను. ఆవిడ మాట నిలబెట్టుకున్నారు. జులై చివర్లో సునీతకి కళ్ళు పచ్చబడగానే అంబులెన్సు కోసం ఆగకుండా ఎవరిదో జీపులో కాకినాడ పంపారు. అక్కడ నాలుగో రోజు సునీత చనిపోయింది. బిడ్డా దక్కలేదు. రాజోలు వెళ్ళిపోయిన విమల ఫోన్లో చెప్పింది. ఆ పేటలో ఇంకా కొందరికి కామెర్లొచ్చి తగ్గాయి. రూతుకి రాలేదు.

ఇంటర్వ్యూలో ఒకాయన అడిగారు: ఈ గొలుసు నువ్వయితే ఎక్కడ తెంచుతావు? మేడల వెనక గొట్టాల దగ్గర అన్నాను. శివారుకి ఇంకో నాలుగు రోజుల వంతు ఇస్తే అక్కడ కూడా తెగుతుందన్నాను. కాలువ వదిలేముందు ఆస్పత్రికి కబురు పెడితే అక్కడా తెగుతుందన్నాను. మూడూ మూడు ఆఫీసుల పనులని, మూడింటి భాషా తెలిసిన మనిషి ఒక్కరు కావాలని, అందుకే రెండు చదువులూ అడుగుతున్నానని చెప్పాను. పక్కనున్న మేడమ్ అడిగారు: మరి ఆ చెంబు? ఆ చెంబు సంగతి ఏ శాఖకీ తెలియదండీ అన్నాను. సీటొచ్చింది.

సంతోషంగా ఉందా అంటే ఉంది. దాచలేను. నిన్నటి నుంచి నిద్ర పట్టడం లేదు, గోడలకి కూడా చెప్పాలనిపిస్తోంది. సునీత గుర్తొస్తే ఈ సంతోషం తగ్గుతుందేమో అని చూశాను. తగ్గలేదు, పక్కనే కూర్చుంది.

శాంతమ్మగారికి ఇప్పటికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. మరియమ్మగారితో మాటల్లేవట. ఎదురుపడిన ప్రతి చదువుకున్నవాళ్ళనీ అడుగుతున్నారట: మా పిల్లకి ఎందుకొచ్చేయండీ ఆ కామెర్లు, నేనేం తక్కువ చేసేనండీ అని. మొన్న విమలతో అన్నారట, మీ స్నేహితురాలు చదువుతున్నారు గదా, ఆవిడకి తెలుస్తుందేమో అడుగు అని. వచ్చే ఏడు మళ్ళీ కాలువ వదుల్తారు. మళ్ళీ ఎవరో కడుపుతో ఉంటారు. శాంతమ్మగారు ఇంకెవరికైనా చెంబు పట్టుకెళ్ళకుండా ఉండాలంటే ఎవరో ఒకరు ఆవిడకి చెప్పాలి.

ఇంకా ఫోన్ చెయ్యవలసినవాళ్ళు:

విమల. చెప్పాను గానీ సగంలో లైను తెగింది, ఆ అరుపు చాలదు.

మా చెల్లెలు. రెండో చదువు ఇవ్వనని చెప్పాలి, దానికి వేరేది తెస్తానని కూడా.

లాకుల మీద సత్యంగారు. మేనకోడలి పేట ఏదో కనుక్కోవాలి.

నాగమణిగారు, పెసరట్ల కొట్టు పక్క టెలిఫోను బూత్‌లో.

ఆస్పత్రి డాక్టరుగారు. వచ్చే ఏడు కాలువ ఎప్పుడు వదుల్తారో నేను చెబుతానని.

రూతు. పోయిన వారం ఆడపిల్ల పుట్టింది. ప్రసాద్ కువైట్‌లో అందరికీ చాక్లెట్లు పంచాడట.

మరియమ్మగారు. నేనిచ్చిన మాట వెనక్కి ఇచ్చెయ్యమని అడగాలి.

ఆవిడ ఇచ్చినా, ఇవ్వకపోయినా, శాంతమ్మగారు.